ఎడమవైపు తెర

ప్లవ నామ సంవత్సరం, ఆషాఢ బహుళ దశమి

పాత యంత్రాన్ని నడుపుకోవడానికి ఎగువదివి విద్యుత్ కమిటీవారు నాకు అనుమతి ఇస్తూ ఒక షరతు పెట్టారు. యంత్రం నా అధీనంలో ఉన్నంతకాలం దాని సంగతులు ఎప్పటికప్పుడు నమోదు చేయాలట. నోటితో చెబితే చాలు, ఊళ్ళో అందరూ కళ్ళకు తొడుక్కునే కంటిపొర రాసుకుంటుందన్నారు. నేను ఒప్పుకోలేదు. నేను చెప్పిన వాక్యాన్ని పొర తన ఇష్టానికి కుదించి, ఆ కుదించినదాన్ని నా పేరిట భద్రపరుస్తుంది. ఉద్యోగకాలమంతా పిల్లల చేత కర్తకూ క్రియకూ పొత్తు కుదిర్పించినవాణ్ణి. నా వాక్యాన్ని మరొకరు దిద్దితే సహించను. కనుక ఇది నా చేతిరాత. కమిటీలో అక్షరాలు కూడబలుక్కుని చదివేవారు ఇంకా ఇద్దరు ముగ్గురైనా ఉంటారన్న నమ్మకంతో ఒత్తులూ తలకట్లూ విడివిడిగా కనబడేలా రాస్తున్నాను.

యంత్రం వివరం: ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు, దానికి రెండు మానిటర్లు. ఇవి గంటలంక ఉన్నత పాఠశాల స్టాఫ్‌రూములోనివి. లంక మునిగినప్పుడు బడిగంటతోనూ బెంచీలతోనూ పాటు పడవెక్కి, తరవాత లారీ ఎక్కి, ఆఖరున ఈ కొండ ఎక్కాయి. అప్పటినుంచి బడి వెనకగదిలో గోనెపట్టా కింద ఉన్నాయి.

దరఖాస్తులో ‘ప్రయోజనం’ అని ఒక గడి ఉంది. ‘స్నేహితుడి కోసం’ అని రాశాను. కమిటీ కార్యదర్శి నాగిడి సుభాషిణి అక్కడ ఆగింది. ఆమె ఒకప్పుడు గంటలంక బడిలో నా విద్యార్థిని. ఇప్పుడు నడివయసు మనిషి.

“మాస్టారూ, ఇది కారణం కింద రాదండీ. విద్య, వైద్యం, వ్యవసాయం. మూడింట్లో ఏదో ఒకటి చెప్పండి.”

“అయితే వైద్యం అని రాసుకో.”

“మరి డాక్టరమ్మగారికి తెలుసా?”

“తెలియదు.”

“మార్కులు వేసేటప్పుడు మాత్రం మా దగ్గర ఇంత లెక్క తప్పనిచ్చేవారు కాదు మీరు,” అని నవ్వి ముద్ర వేసింది.

నవ్వింది గాని నావైపు తిరగలేదు. నేను ఆమె పక్కన నిలబడి ఉంటే ఆమె ఎదుటి గోడను చూస్తూ నాతో మాట్లాడింది. అది అగౌరవం కాదని నాకు తెలుసు. పొర పెట్టుకున్నవారందరి తీరూ అంతే. పక్కనున్నవారి ముఖాన్ని పొరే తెచ్చి చూపుకు ఎదురుగా నిలబెడుతుంది. కన్ను ఎటు జరిగితే అక్షరమూ బొమ్మా మనిషీ అటే జరుగుతాయి. మెడ తిప్పవలసిన అవసరం ఈ ఊళ్ళో ఎవరికీ మిగలలేదు.

ఆషాఢ బహుళ ద్వాదశి

యంత్రం ఇంకా చేతికి రాలేదు. గడిలో పట్టని విషయం ఈలోగా ఇక్కడ రాస్తాను.

షేక్ మస్తాన్ వలీ గంటలంక బడిలో సైన్సు చెప్పేవాడు. నేను తెలుగు. మొన్న వైశాఖంలో అతనికి మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, నడక చాలామట్టుకు దక్కింది. పోయింది ఎడమవైపు. కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. ఎడమ అనే ఒక వైపు లోకంలో ఉందన్న స్పృహే అతనికి పోయింది.

ఇవాళ నేను వెళ్ళేసరికి భోజనం చేస్తున్నాడు.

“ఏవే జైనబీ, ఇవాళ పప్పు చెయ్యలేదా?” అని గట్టిగా అడుగుతున్నాడు.

పప్పు కంచంలో ఎడమపక్కన ఉంది. అతని భార్య జైనబీ ఎడమపక్కనే కుర్చీలో ఉంది. అటువైపు అతను దేనికైనా తగిలి పడతాడన్న భయంతో ఆమె ఎప్పుడూ అటే కూర్చుంటుంది. చెయ్యి చాపి కంచాన్ని అరచుట్టు తిప్పింది.

“ఆఁ, వచ్చింది. చూశావా పంతులూ, అడిగితే గాని వడ్డించదు.”

“చెల్లెమ్మ నీ పక్కనే ఉందయ్యా.”

“వంటింట్లో ఉంది. నీకు చెవులు కూడా పోతున్నాయా?”

జైనబీ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. తరవాత గుమ్మం బయటికి వచ్చి చెప్పింది. “పొద్దున గడ్డం సగమే గీసుకున్నారు అన్నయ్యగారూ. అద్దం పట్టుకుని చూపించాను. నున్నగా ఉంది కదే అంటారు. నేనిట్టా పక్కన కూర్చుని కూర్చుని, పొద్దస్తమానం నన్ను కేకేస్తుంటే వినాలి. ఎదురుగా వస్తే, ఎక్కడికి పోయావింతసేపూ అంటారు.”

ఎగువదివి కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి కట్టిన ఊరు. ప్రతి బాటకూ ఒకపక్క గోడ, ఒకపక్క లోయ. జ్యేష్ఠంలో వలీ లోయ ఎడమకు ఉన్న బాటన నడుస్తూ అంచు దాటి కింది మెట్టులోని జొన్నచేలో పడ్డాడు. చేను మెత్తగా ఉండబట్టి బతికాడు. బాటమీద ఒంటరిగా నడవలేనివారిని మైదానంలోని ఆశ్రయానికి పంపాలని ఊరి నియమం. అక్కడ భార్యలకు చోటు లేదు. శ్రావణ పౌర్ణమినాడు డాక్టర్ ఇందుమతి ఇంటికి వచ్చి పరీక్షిస్తుంది. ఎడమవైపునుంచి పిలిస్తే అతను తల తిప్పాలి. తిప్పకపోతే, లోయమీద తీగకు వేలాడుతూ దిగే తీగబండి ఎక్కించి కిందికి పంపుతారు.

పొరే అతనికి చెరుపు చేసిందని ఆ డాక్టరమ్మే నాతో అంది. జబ్బు చేసిన తొలిరోజుల్లో పొర తీయలేదు. అది ఎడమనున్నవాటినన్నిటినీ తెచ్చి కుడివైపు చూపుకు అందిస్తూ పోయింది. తనకేదో తక్కువయిందని అతనికి తెలిసే వీలే లేకపోయింది. ఇప్పుడు పొర తీసేసి వేలితో సాధన చేయిస్తున్నారు. దాని గురించి వలీని అడిగాను.

“వేలు చూడమంటుందయ్యా. చూశాను. వేలే. మర్నాడు మళ్ళీ వచ్చి అదే వేలు చూపిస్తుంది. కొత్తదేమన్నా ఉంటే చూడొచ్చు.”

నాకు ఆశ పెద్దగా లేదు. పంపేస్తారనే అనుకుంటున్నాను. వెళ్ళేలోగా అతనికి గంటలంకను ఒకసారి పూర్తిగా చూపించాలి. అది ఆ యంత్రంలో ఉంది. కమిటీవారు ‘ప్రయోజనం’ గడిని దిద్దుకోదలిస్తే ఇదీ ప్రయోజనం.

ఆషాఢ అమావాస్య

యంత్రం వలీ ఇంటి ముందుగదిలోకి చేరింది. పెద్దబల్ల మధ్య పెట్టాం. ఈ ఊళ్ళో ఇళ్ళకు వచ్చే కరెంటు దీనికి చాలదు. తీగబండి స్టేషనునుంచి సుభాషిణి ఒక పెట్టె తెచ్చి బిగించి, “ఎండ ఉన్నంతసేపేనండోయ్. మబ్బు పడితే ఆపేస్తాం. మబ్బుకి నన్ను తిట్టకండి,” అని హెచ్చరించి వెళ్ళింది.

మొదట ఒక మానిటరు తగిలించాను. మీట నొక్కాను. లోపల పంకా దుమ్ము కక్కుకుంటూ తిరిగింది. తెర నల్లగా ఉండి, నీలంగా మారి, వెలిగింది. గడియారం ఏ కాలందో తేదీ చూపించింది. దాన్ని సరిచేయాలనిపించలేదు.

వెనక బొమ్మగా సగం గంటలంక కనబడింది.

ఆ బొమ్మ కథ చెప్పాలి. స్టాఫ్‌రూములో కిటికీ పక్కన ఈ కంప్యూటరు ఉండేది. ఒకే కీబోర్డు, ఒకే మౌస్, రెండు మానిటర్లు, రెండు కుర్చీలు. ఎడమ మానిటరు ముందు నేను, కుడి మానిటరు ముందు వలీ. నేను పాఠం టైపు చేస్తే అతను బొమ్మలు గీసేవాడు. మౌస్ ఎప్పుడూ అతని చేతిలోనే. ఒక్క దీర్ఘం దిద్దుకోవడానికి మౌస్ అడిగితే, “ఆగవయ్యా, నీ దీర్ఘం ఎక్కడికీ పోదు. నా కప్ప గుండెకాయ ఆగిపోతుంది,” అనేవాడు. వానాకాలం మధ్యాహ్నాలు పోటు వచ్చి నీళ్ళు మెట్లదాకా ఎక్కితే పిల్లల్ని పంపేసి మేమిద్దరమే ఉండిపోయేవాళ్ళం. రేవు దగ్గర కొట్టునుంచి పునుగులు తెప్పించుకుని, నూనె వేళ్ళతో కీబోర్డు నువ్వు ముట్టుకున్నావంటే నువ్వు ముట్టుకున్నావని కసురుకునేవాళ్ళం.

ఆ మధ్యాహ్నాల్లో తయారైంది గంటలంక పటం. వలీ గడకర్ర పట్టుకుని లంక చుట్టూ నడిచి కొలిచి గీశాడు. పడవవాళ్ళు పలికినట్టు పేర్లన్నీ నేను రాశాను. పాపాయికాలవ, చవుడుదిబ్బ, మడపాయ. పటాన్ని రెండు ముక్కలు చేసి తెరకొకటి పరిచాడు వలీ. పడమటి సగం నా తెరమీద, తూర్పు సగం అతని తెరమీద. బడి, మా వీధి, సరుగుడుతోట, సముద్రం తూర్పున ఉన్నాయి. పడమటి రేవు, మసీదు, వలీ ఇల్లు పడమట ఉన్నాయి. అందువల్ల మా ఇల్లు అతని తెరమీదా, అతని ఇల్లు నా తెరమీదా పడ్డాయి. జైనబీ పెళ్ళికూతురుగా పడవ దిగింది ఆ పడమటి రేవులోనే. సాయంత్రం బడి విడిచే వేళకు వలీ మెడ సాచి నా తెరమీదికి తొంగిచూసి, “మా ఆవిడ ఏం చేస్తుందో,” అనేవాడు. పటంలో చిన్న పెంకుటిల్లు బొమ్మ తప్ప ఏమీ ఉండేది కాదు. అయినా తొంగిచూసేవాడు.

ఇవాళ అతణ్ణి ఆ తెర ముందు కూర్చోబెట్టాను. చాలాసేపు చూశాడు.

“ఏముంది వలీ?”

“లంక.”

“అంతా ఉందా?”

“అంతా ఉందిగా. సముద్రం ఉంది. ఇంకేం కావాలి?”

తూర్పు సగాన్ని చూసి అంతా ఉందన్నాడు. ఆ మాట వింటూ జైనబీ ఎడమపక్కన కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

శ్రావణ శుద్ధ పంచమి

రెండో మానిటరు మొండికేసింది.

దీని కాలు విరిగింది కనుక వెనక పీట ఆనించి నిలబెట్టాను. వైరు మూతి బాగానే ఉంది. కంప్యూటరు వెనక అదే ఆకారంలో ఉన్న రంధ్రం చూసి గుచ్చాను. తెరమీద ‘సిగ్నల్ లేదు’ అని ఒక వాక్యం ఆ మూలనుంచి ఈ మూలకు ఈదుతూ తిరిగింది, అంతే. వైరు తీసి ఊది మళ్ళీ గుచ్చాను. యంత్రాన్ని ఆపి మళ్ళీ నడిపాను. అదే వాక్యం.

స్టాఫ్‌రూములో ఈ అమరిక వ్యవహారమంతా వలీయే చూసేవాడు. నేను కూర్చుని టైపు చేయడమే ఎరుగుదును. అతన్నే అడిగాను.

“రెండో మానిటరు ఎందుకు రావడం లేదంటావ్?”

“రెండోదేంటి? ఒక్కటే కదయ్యా ఉండేది.”

“మరి నేను ఎక్కడ టైపు చేసేవాణ్ణి?”

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. “నువ్వు ఎక్కడో కూర్చుని గొణుగుతుండేవాడివి,” అన్నాడు చివరికి.

నేను నవ్వాను. ఇంటికి వచ్చాక గాని ఆ మాట అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ అతని ఎడమపక్కనే కూర్చున్నాను గనక ఎడమతోపాటు నేను కూడా పోయానన్నమాట.

శ్రావణ శుద్ధ ఏకాదశి

వరసగా మబ్బులు. కరెంటు లేదు. నమోదు చేయదగిన పనితీరు లేదు.

జైనబీ ట్రంకుపెట్టె దించి వలీ చొక్కాలు సర్దుతోంది. ప్రతి చొక్కాకూ ఎడమ జేబు దగ్గర రంగుదారంతో ఒక పువ్వు కుట్టింది. ఎందుకమ్మా అని అడిగాను.

“చొక్కా కుడిచేతికే తొడుక్కుని వదిలేస్తున్నారు. అక్కడ చూసి చెప్పేవాళ్ళు ఉండరుగా. ఎవరో ఒకరికి ఈ పువ్వు కనపడితే, ఇటు పక్క కూడా ఉందయ్యా అని చెబుతారని.”

“నువ్వేం చేస్తావు?”

“ఆశ్రయం గేటు బయట ఏదో ఒకటి చూసుకుంటాను. పిలిస్తే వినపడేంత దూరంలో.”

వలీ లోపలినుంచి, “జైనబీ!” అని కేకేశాడు. ఆమె వెళ్ళి అతని కుడివైపున నిలబడింది. “ఎక్కడికి పోతావే మాటిమాటికీ!” అన్నాడు.

శ్రావణ శుద్ధ చతుర్దశి

మబ్బు కాస్త విడిచింది గాని నేను వెళ్ళేసరికి కరెంటు ఆపేశారు. చేతులు ఊరుకోక కంప్యూటరు వెనక దుమ్ము తుడిచాను. ఈ పని ముందే చేయవలసింది. వెనకభాగంలో రంధ్రాలు రెండు చోట్ల ఉన్నాయి. పైన నిలువుగా కొన్ని, కింద అడ్డంగా ఇనుపరేకులో కొన్ని. మొదటి మానిటరు వైరు కింది రేకులో ఉంది. రెండోదాన్ని నేను పైవరసలో గుచ్చాను. కింది రేకులో, మొదటి వైరు పక్కనే, దుమ్ము నిండిన ఒక ఖాళీ రంధ్రం చేతికి తగిలింది. రెండూ ఒకచోటనే ఉండాలి కాబోలు. వైరు కిందికి మార్చి మరలు బిగించాను. ఫలితం చూడటానికి కరెంటు లేదు.

ఇంకొక పని కూడా చేశాను. ఆ మానిటరును పాత పద్ధతిలో బల్లకు ఎడమవైపునే పెట్టి ఉంచాను ఇన్నాళ్ళూ. అటు పెట్టి ఏం ప్రయోజనం? అటు వెలిగినా అతనికి వెలగదు. పీటతో సహా ఎత్తి, వలీకి కనబడే కుడివైపు పెట్టాను. నా కుర్చీ కూడా అటే వేసుకున్నాను. ఎడమవైపు బల్ల ఖాళీ అయింది. ఆ ఖాళీ పక్కన జైనబీ కుర్చీ ఉంది.

రేపు పౌర్ణమి. ఎండ కాయాలి.

శ్రావణ పౌర్ణమి

ఎండ కాసింది.

డాక్టర్ ఇందుమతీ సుభాషిణీ కలిసి వచ్చారు. వలీ బల్ల ముందు కూర్చున్నాడు. గడ్డం రెండువైపులా నున్నగా ఉంది. ఎడమవైపు జైనబీ గీసింది.

డాక్టరమ్మ చప్పుడు కాకుండా ఎడమపక్కకు వెళ్ళి జైనబీ వెనక నిలబడింది.

“వలీగారూ!”

వలీ కుడికి తిరిగి నన్ను చూశాడు. “డాక్టరమ్మ బయట పిలుస్తోంది పంతులూ. లోపలికి రమ్మనవయ్యా, ఎండలో నిలబెడతావేం?”

“వలీగారూ, ఇటండీ. నేనిక్కడున్నాను.”

“గుమ్మం తీసే ఉందమ్మా!” అని కుడివైపు గుమ్మం చూస్తూ చెప్పాడు.

జైనబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ మూడోసారి పిలిచి, భుజం తట్టి, వేలు చూపించి, ఊరుకుంది. తరవాత గోడవైపు చూస్తూ నిలబడింది. పొరలో రాస్తోందని అర్థమైంది. ఏం రాస్తోందో కూడా అర్థమైంది.

“అమ్మా,” అన్నాను. “ఈ ఎండ ఉండగా అతనికి మా లంక ఒకసారి చూపించుకుంటాను. ఆ తరవాత మీ పని మీరు చేయండి.”

“చూపించండి మాస్టారూ. తొందరేం లేదు,” అంది. ఆ గొంతులో విచారం ఉంది.

మీట నొక్కాను. ఎదుటి తెర వెలిగింది. బడి, మా వీధి, సరుగుడుతోట, సముద్రం. నేను కుడి తెరకేసి చూస్తూ ఊపిరి బిగబట్టాను. అది ఒకసారి రెప్ప కొట్టినట్టు వెలిగి ఆరి, మళ్ళీ వెలిగింది. పడమటి రేవు. మసీదు. పాపాయికాలవ ఒడ్డున పెంకుటిల్లు.

వలీ ఎదుటి తెర చూశాడు. కుడి తెర చూశాడు. మళ్ళీ ఎదుటిది చూశాడు. అతని కనుబొమలు దగ్గరపడ్డాయి. తరగతిలో ఎవడైనా తప్పు జవాబు చెప్పినప్పుడు అవి అలాగే దగ్గరపడేవి.

“ఏవయ్యా పంతులూ, మా ఇంటిని తీసుకెళ్ళి సముద్రంలో పెట్టావేం?”

“ఏమిటి?”

“కళ్ళు పెట్టి చూడు. బడి. తోట. సముద్రం. సముద్రం దాటాక పడమటి రేవా? పడమటి రేవు తూర్పునెట్టా ఉంటుంది? పొద్దు ఎటు పొడుస్తుందో కూడా తెలీకుండా రిటైరయ్యావా?”

సుభాషిణి పక్కున నవ్వింది. “మస్తాన్ మాస్టారు తిడితే విని ఎన్నాళ్ళయిందో!”

“నీకు కనబడాలని ఇటు పెట్టానయ్యా,” అన్నాను.

“నాకు కనబడకపోవడమేంటి? ఆ మౌస్ ఇటు తే.”

ఇచ్చాను. “బాణాన్ని ఇటు, కుడికి తీసుకురా. రేవు మీదికి,” అని చూపించాను.

అతను కుడికి తోశాడు. బాణం ఎదుటి తెర కుడి అంచుకు, సముద్రం చివరకు వచ్చి ఆగిపోయింది. ఎంత తోసినా అంచు దాటలేదు. పక్కనే వెలుగుతున్న తెరలోకి పోలేదు.

“పాడైనట్టుంది,” అన్నాను.

“పాడైంది నీ బుర్ర. రేవెక్కడుందో దానికి తెలుసు. అప్పుడెట్టా అమర్చానో అట్టాగే గుర్తుపెట్టుకుంది. మర్చిపోయింది నువ్వు.”

అని మౌస్‌ను అటువైపు, ఎడమకు లాగాడు.

బాణం సముద్రాన్ని వదిలింది. సరుగుడుతోట దాటింది. మా వీధి దాటింది. బడి కప్పు మీదుగా, చవుడుదిబ్బ మీదుగా ఎడమ అంచుదాకా వెళ్ళింది. అంచు దాటింది. మాయమైంది.

అది ఎక్కడికి పోయిందో నేను చూశాను. కుడి తెర కుడి అంచున, పాపాయికాలవ దగ్గర తేలింది. కంప్యూటరు లెక్కలో ఆ తెర ఇంకా ఎడమవైపే ఉంది. కాని వలీ కుడికి చూడలేదు. బాణం ఎడమకు పోయింది కనుక అతనూ ఎడమకు పోయాడు. ముందు కళ్ళు జరిగాయి. తరవాత గడ్డం. ఆఖరున మెడ, ఎన్నాళ్ళుగానో తెరవని తలుపులా, మెల్లగా తిరిగింది. తెర అంచు దాటి, బల్లమీది ఖాళీ చెక్కను చూశాడు.

“ఏదయ్యా నీ మానిటరు?” అన్నాడు. “ఇక్కడ కదా ఉండేది? ఇక్కడ కూర్చునే కదా నువ్వు మౌస్ కోసం ఏడ్చేవాడివి?”



ఖాళీ చెక్కమీది అతని చూపు ఇంకొంచెం జరిగింది. కుర్చీ కోడు కనబడింది. కొంగు కనబడింది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు కనబడ్డాయి. తల ఎత్తాడు.

“నువ్వెప్పుడొచ్చావే?”

జైనబీ కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ చూపు జారిపోతుందేమోనన్నట్టు కదలకుండా కూర్చుంది.

“వైశాఖంనుంచీ ఇక్కడే ఉన్నానండీ.”

“వంటింట్లో ఉన్నావనుకున్నా,” అన్నాడు వలీ. ఇంకా చూస్తూనే ఉన్నాడు. “జుట్టంతా నెరిసింది కదే.”

డాక్టరమ్మ గోడవైపు చూడటం మానేసింది. నా పక్కన నిలబడ్డ సుభాషిణి మెడ తిప్పి, ఒళ్ళంతా తిప్పి, జైనబీని చూసింది. ఆమె అలా ఒకరివైపు తిరగడం, గంటలంక బడి బెంచీమీద కూర్చున్న రోజుల తరవాత, నేను చూడటం ఇదే మొదలు.

శ్రావణ బహుళ తదియ

డాక్టర్ ఇందుమతి తన రాతను కొట్టేసి, పరీక్షను కార్తీకానికి వాయిదా వేసింది. ఇది నయమైపోయినట్టు కాదని, ఈ తలుపు మళ్ళీ మళ్ళీ మూసుకుంటుందని, మళ్ళీ మళ్ళీ తెరవాలని నాకు స్పష్టంగా చెప్పింది. నిజమే. నిన్న మళ్ళీ పప్పు లేదన్నాడు. కాని కంచం తిప్పవద్దని జైనబీ పంతం పట్టి కూర్చుంటే, కాసేపటికి విసుక్కుంటూ వెతికి తనే చూసుకున్నాడు. ఇవాళ బాటమీద నేను పక్కన ఉండగా నడిచాడు. లోయ ఎటుందని అడిగితే ఆగి, మెడ తిప్పి, చెయ్యి చాపి చూపించాడు. అనుమతిని పొడిగించడానికి కమిటీకి దరఖాస్తు పెట్టాను. ఈసారి ‘వైద్యం’ అని రాసిన గడి పక్కన డాక్టరమ్మ సంతకం ఉంది. సుభాషిణి ఆ సంతకాన్ని చూసి, “ఇప్పుడు లెక్క సరిపోయింది మాస్టారూ,” అంది.

మధ్యాహ్నం వలీ ఆజ్ఞ ప్రకారం మానిటరును పీటతో సహా ఎత్తి దాని పాతచోట, బల్లకు ఎడమవైపు పెట్టాను. నా కుర్చీ కూడా అటు మార్చుకున్నాను. అతను బాణాన్ని ఎడమకు లాగాడు. అది ఎక్కడా ఆగకుండా ఒక తెరలోంచి మరొక తెరలోకి, బడిమీదనుంచి కాలవమీదికి, నడిచి వెళ్ళింది. రేవులో ఆగింది. దాని వెంట అతని ముఖం కూడా వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసింది. నేను ఏదో అక్షరం దిద్దుకోవాలని మౌస్ అడిగాను. ఇవ్వలేదు.

జైనబీ కూర్చునే చోటు నా కుర్చీకి పోయింది. ఆమె తన కుర్చీ పట్టుకుని గది మధ్య నిలబడిపోయింది.

“మరి నేనెక్కడ వేసుకోనండీ?”

“అటే,” అన్నాడు వలీ, తెరమీది పెంకుటింటినుంచి చూపు తిప్పకుండానే. “పంతులికి అవతల. ఇంకాస్త అటు జరుగు.”

“ఇంకా జరిగితే మీకు కనపడనేమో.”

“వెతుక్కుంటాగా.”